గడప ఇవతల

మా ఊళ్ళో టీవీ చూడ్డానికి కూడా కులం ఉండేది. ఇది చెబితే నవ్వేవాళ్ళున్నారు. పట్నంలో పుట్టినవాళ్ళు, మన కోటా గురించి మనకే లెక్కలు చెప్పేవాళ్ళు "ఈ రోజుల్లో కులం ఎక్కడుందండీ?" అంటారు. ఎక్కడుందో చెబుదామనే ఇది మొదలుపెట్టాను. అయితే చివరికొచ్చేసరికి నా ఇంటి సంగతి కూడా చెప్పాలి. వాళ్ళ సంగతి చెప్పడం తేలిక. నా సంగతి చెప్పడమే కష్టం.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య, నల్లరేగడి మీద ఒక ఊరు. పత్తి, మిరప తప్ప కంటికి ఇంకోటి ఆనదు. మా వైపు ఊరంటే వాళ్ళది, పల్లె అంటే మాది. మాదిగపల్లె. రెండింటికీ పంచాయతీ ఒకటే, పిన్‌కోడు ఒకటే. ఉత్తరం మాత్రం పల్లె దాకా వచ్చేది కాదు. ఊళ్ళో టీకొట్టు దగ్గర ఇచ్చిపోతే ఎవడో ఒకడు చూసి, ఎప్పుడో ఒకప్పుడు తెచ్చేవాడు. మా నాయన పాలేరు. మాయమ్మ కూలికి పోయేది. ఇద్దరికీ సంతకం రాదు. నేను డిగ్రీ చదివి, బి.ఇడి. చేసి, ఇప్పుడు పక్క మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచరుగా చేస్తున్నాను. మా ఇంటిపేరుతో డిగ్రీ పాసైనవాడు నాకు ముందు లేడు.

2001 మార్చి. కలకత్తాలో ఇండియాకీ ఆస్ట్రేలియాకీ టెస్టు మ్యాచి. నాకు పన్నెండేళ్ళు. మార్చి అంటే మా వైపు మిరప కోతలు ముమ్మరంగా ఉండే కాలం. మా పల్లె పిల్లల పేర్లు బళ్ళో ఉండేవి, పిల్లలు కల్లంలో ఉండేవాళ్ళు. మా నాయన పనిచేసే ఆసామి ఇంటి వెనకే కల్లం. నేలంతా ఎర్రగా ఆరబోసిన కాయ. ఆడోళ్ళు వరసగా కూర్చుని తాలుకాయ ఏరి పక్కన పోసేవాళ్ళు. మంచికాయ టిక్కీల్లో తొక్కి గుంటూరు యార్డుకి తోలేవాళ్ళు. తాలుకాయది వేరే ధర. ఏరినవాళ్ళ చేతులు రాత్రంతా మండుతాయి. ఆ చేత్తో కళ్ళు తుడుచుకోకూడదని మా పిల్లలకి అక్షరాలకంటే ముందు నేర్పుతారు.

ఆసామి టీవీ ఉన్న గది కిటికీ కల్లం వైపుకే తెరుచుకునేది. మాకు టీవీ అంటే ఆ కిటికీయే. గంప నెత్తిన పెట్టుకుని అటు పోతా ఒక బంతి, ఇటు వస్తా ఒక బంతి చూసేవాళ్ళం. ఓవరంతా చూడాలంటే మూడు గంపలు మోయాలి. అవుటైన బంతి ఎప్పుడూ మనం వీపు తిప్పినప్పుడే పడేది. లోపల అరుపులు వినబడితే అవుటని తెలిసేది. ఎవరు అవుటో, ఎట్టా అవుటో మళ్ళీ గంపకి.

మార్చి 14, ఆట నాలుగో రోజు. మొదటి ఇన్నింగ్స్‌లో 171 పరుగులకే కూలిపోయి, ఫాలో ఆన్ ఆడుతున్న ఇండియా. ఆ రోజు పొద్దున్నించీ సాయంత్రం దాకా లక్ష్మణ్, ద్రావిడ్ ఇద్దరే ఆడారు. ఒక్క వికెట్ పడలేదు. లక్ష్మణ్ హైదరాబాదు మనిషని లోపలివాళ్ళకి గర్వం. బయట మాకూ గర్వమే. గర్వానికి గంప అడ్డం రాలేదు. ఆసామి కొడుకు నా క్లాసే. వాడు లోపల్నించి నన్ను చూసి రెండు వేళ్ళు చూపించాడు. రెండొందలు దాటాడని. వాడు చెడ్డవాడు కాదు. నేను గంప దించి ఊచలు పట్టుకుని నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

ఆసామి తల్లి వచ్చింది. తిట్టలేదు, కొట్టలేదు. "జరుగబ్బాయ్, ఘాటు లోపలికొస్తంది" అని కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి లాక్కుని గడియ పెట్టింది. ఆ తర్వాత లోపల చప్పట్లు వినబడ్డాయి. ఫోరో, సింగిలో, నాకు కనబడలేదు. వెనక్కి తిరిగితే వరసలో కూర్చున్న ఆడోళ్ళు కనబడ్డారు. అందరి తలలూ కాయ మీదే ఉన్నాయి.

ఆ ముసలమ్మ మాట గురించి నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. ఆమె అబద్ధం ఆడలేదు. ఘాటు నిజంగానే లోపలికి పోయేది. నా ఒళ్ళంతా మిరపే. మరి పొద్దున్నించీ ఆ ఘాటులోనే కూర్చున్న ఆడోళ్ళకి మూసుకోడానికి కిటికీ ఏది? పంట వాళ్ళ చేలోది, డబ్బు వాళ్ళ బీరువాలోకి, ఘాటు మాత్రం మా ముక్కుల్లోకి. నన్ను అంటరానివాడని ఎవరూ అనలేదు. మిరపకాయ మీద పెట్టి పంపించారు. అని ఉంటే ఎదురు తిరిగేవాణ్ణేమో. ఘాటు అంటే ఏమని ఎదురు తిరగాలి?

లక్ష్మణ్ 281 కొట్టాడనీ, ద్రావిడ్ 180 కొట్టాడనీ, ఆఖరి రోజు ఇండియా 171 పరుగులతో గెలిచిందనీ నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. మాయమ్మ కొట్లో తెచ్చిన కందిపప్పు పొట్లం విప్పితే ఆ కాగితం మీద ఉంది. ఊరికి పేపరు టీకొట్టుకి వచ్చేది. టీకొట్లో మాకు గ్లాసు వేరు. పేపరుకి వేరు లేదు గానీ, చెయ్యేస్తే "ముందు వాళ్ళని సూడనీరా" అనేవాళ్ళు. వాళ్ళంతా చూశాక అది కొట్లో తూకానికి పోయేది. అక్కణ్ణించి పొట్లమై పల్లెకొచ్చేది. నా చదువు పొట్లాల చదువు. సగం వార్త, సగం నూనె మరక. ఇప్పటికీ ఏ పుస్తకం చేతికొచ్చినా చివరి పేజీ ఉందో లేదో ముందు చూసుకుంటాను.

డిగ్రీకి గుంటూరు పోయి ఎస్సీ హాస్టల్లో చేరాను. అక్కడ టీవీ గదిలో మొదటిసారి ఒక మ్యాచిని మొదటి బంతి నించి చివరి బంతి దాకా కూర్చుని చూశాను. 2007 సెప్టెంబరు 24, మొదటి ట్వంటీ20 ప్రపంచకప్ ఫైనల్. పాకిస్తాన్ మీద 5 పరుగులతో గెలిచారు. గెలుపుకంటే నాకు గుర్తున్నది, చుట్టూ అంతా మనోళ్ళే, ఎవరూ ఎవర్నీ జరగమనలేదు. ఆ గదిలోనే ఒక సీనియర్ అన్న "క్రికెట్లో మనోళ్ళు లేరనుకున్నావా?" అని పల్వంకర్ బాలూ గురించి చెప్పాడు. 2002లో వచ్చిన రామచంద్ర గుహ పుస్తకం తర్వాత దొరికాక ఆ కథంతా చదివాను.

బాలూ 1876లో ధార్వాడలో పుట్టాడు. చమార్. మన వైపు చెప్పుకోవాలంటే మాదిగ. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేసే పని, వాళ్ళు బ్యాటింగ్ సాధన చేసుకోడానికి బంతులు వేసే పని. బ్యాటు మాత్రం ఆయన చేతికిచ్చేవాళ్ళు కాదు. ఎడమచేత్తో ఆయన వేసే స్పిన్ చూసి హిందువుల జట్టు ఆయన్ని పిలిచింది. గెలవాలి గదా. మైదానంలో ఆయన ముట్టుకున్న బంతినే వాళ్ళూ ముట్టుకున్నారు. టీ వేళకి మాత్రం ఆయనకి పెవిలియన్ బయట మట్టి ముంతలో పోశారు. బంతికి లేని అంటు కప్పుకెట్టా వచ్చింది? 1911లో ఇంగ్లండు పోయిన భారత జట్టులో ఆయన 114 వికెట్లు తీశాడు. అయినా హిందువుల జట్టుకి కెప్టెన్ని చెయ్యలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కి ఆ పదవి ఇచ్చారు. ఇదే బాలూ 1937 ఎన్నికల్లో బొంబాయిలో అంబేడ్కర్ మీద పోటీచేసి ఓడిపోయాడు. మన చరిత్రలో ఇట్టాంటి చిక్కుముళ్ళూ ఉన్నాయి. వాటిని దాచిపెడితే మనం కూడా పొట్లం కాగితమే చదువుకున్నట్టు.

ఆటైనా సినిమా అయినా, పక్కపక్కన కూర్చుని చూసే చోట కులం ఊరుకోదు. 1991 జూలైలో తెనాలి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ఒక అగ్రకుల యువకుడికి తగిలింది. అక్కడ మొదలైన గొడవ ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. సినిమా చూస్తుంటే కాలు తగిలింది. దానికంత.

అంతకు ఆరేళ్ళ ముందు కారంచేడు. ఆ సంగతి మా నాయన చెబుతుంటే విన్నాను. 1985 జూలైలో, మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్టు కడగొద్దన్నందుకు మొదలై, 17వ తేదీన పల్లె మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు. మిగతావాళ్ళు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. మా పల్లెలో ఇంటికి పిడికెడు చొప్పున బియ్యం పోగుచేస్తే, మా నాయన ఆసామికి ఒంట్లో బాగాలేదని చెప్పి, మూట నెత్తిన పెట్టుకుని బస్సెక్కి చీరాల పోయాడు. 2017 సంక్రాంతి సెలవుల్లో మంచంలో పడుకుని ఇదంతా చెబుతుంటే ఫోనులో రికార్డు చేశాను. నలభై నిమిషాలు. మధ్యలో దగ్గు, కోడి అరుపు, మాయమ్మ "ఇగ చాల్లే" అనడం, అన్నీ ఉన్నాయి.

2019లో మా నాయన పోయాడు. ఆ తర్వాత ఏడాదికి నా ఫోను పోయింది. రికార్డింగు ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చే ఖాతాలో దాచుకున్నాను గదా అని నిబ్బరంగా ఉన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. కొత్త ఫోనులో ఆ ఖాతా తెరవబోతే, పాత నంబరుకి పంపిన అంకెలు చెప్పమంది. రీచార్జి చెయ్యక ఆ పాత నంబరు పోయి ఎన్నాళ్ళో అయింది. అప్పటికది ఇంకెవరి చేతిలోనో ఉంది. "మీ భద్రత కోసం మీరే అని రుజువు చేసుకోండి" అంది. కుల ధ్రువీకరణ పత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి. రుజువులు నాకు కొత్త కాదు. అక్కడ కనీసం ఒక మనిషి ఉంటాడు, బతిమాలుకోవచ్చు. ఇక్కడ మనిషే లేడు. నెల రోజులు ప్రయత్నం చేశాను. మా నాయన గొంతు ఆ గడియ వెనకే ఉండిపోయింది.

ఆ కంపెనీ కూడా అబద్ధం చెప్పలేదు. దొంగలున్నారు, భద్రత కావాలి. ఘాటు కూడా నిజమే గదా!

అప్పుడు నాకొకటి అర్థమైంది. క్లౌడ్ అంటారు, మబ్బు అంటారు. అది మబ్బూ కాదు, గాలీ కాదు. ఇంకొకడి కల్లం. మన కాయ తీసుకుపోయి వాడి కల్లంలో ఆరబోసుకుంటున్నాం. బాడుగ లేదని సంతోషం. గేటు తాళం వాడి దగ్గర.

మన పెద్దవాళ్ళకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1936లో లాహోరులో అంబేడ్కర్ మాట్లాడాల్సిన ఉపన్యాసంలో కొన్ని మాటలు తీసెయ్యమని పిలిచినవాళ్ళు అడిగారు. ఒక్క కామా కూడా మార్చనన్నాడు. సభ రద్దయింది. ఆయన ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో పదిహేను వందల ప్రతులు అచ్చు వేయించాడు. అదే 'కుల నిర్మూలన'. రెండు నెలల్లో అయిపోయాయి. అంతకుముందు 1920లోనే 'మూక్‌నాయక్' పత్రిక పెట్టాడు. మన దగ్గర కుసుమ ధర్మన్న రాజమండ్రిలో 'జయభేరి' నడిపాడు. ఎవరి అరుగు మీదో కాసేపు కూర్చోనిస్తే చాలనుకోలేదు వాళ్ళు. సొంత అరుగు కట్టుకున్నారు.

నా అరుగు ఏడు వేల రూపాయల పాత లాప్‌టాప్. 2021లో గుంటూరులో కొన్నాను. తెర ఒక మూల పగిలింది. దాన్లో లినక్స్ ఎక్కించాను. 1991 ఆగస్టులో, చుండూరు జరిగిన నెలలోనే, లినస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండు విద్యార్థి దాన్ని తయారుచేస్తున్నట్టు లోకానికి చెప్పాడు. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు. నేర్చుకోడానికి నాకు మూడు నెలలు పట్టింది. బళ్ళోంచి వచ్చి, ఇంగ్లీషు వీడియోలు ఆపి ఆపి చూస్తా, నల్ల తెర మీద ఒక్కో అక్షరం కొట్టాను. ఒక అక్షరం తప్పయితే మొత్తం మొదటికి. మూత మూసి అలమరలో పెడితే పాత అరవై క్యాండిల్ బల్బంత కరెంటు కూడా తాగదు. కరెంటు పోయినా దాని బ్యాటరీ మీద కాసేపు నడుస్తుంది. వేసవిలో మా పల్లెలో ఆ మాత్రం నడవడం గొప్పే.

పుస్తకాలు వరసగా పెట్టడానికి కాలిబ్రే అని ఒకటుంది. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాని మొత్తం దించుకుని నెట్ లేకుండా చదువుకోడానికి కివిక్స్ అని ఇంకొకటి. రెండూ ఉచితమే. అంబేడ్కర్ బతికుండగా అచ్చయిన పుస్తకాలు పెట్టాను. మన చట్టంలో రచయిత పోయిన అరవై ఏళ్ళ దాకా హక్కులుంటాయి. ఆయన 1956లో పోయాడు కాబట్టి 2017 జనవరి నించి అవి అందరివీ. అనువాదాలకి అనువాదకుల హక్కు వేరే ఉంటుంది, అది చూసుకుని పెట్టాను. వినుకొండలో పుట్టిన మన జాషువా 1971లో పోయాడు. 2031 చివరి దాకా ఆగాలి. ఆయన పుస్తకాలు అచ్చువే కొని పిల్లలకిస్తున్నాను. మన వాళ్ళు జీతం డబ్బులతో అయిదొందలు, వెయ్యి ప్రతులు వేసుకుని, సభల్లో పంచి, అయిపోయాక ఇంట్లో కూడా ఒక్కటి మిగుల్చుకోని చిన్న పుస్తకాలు ఎన్నో. రాసినవాళ్ళని అడిగి, ఒప్పుకున్నవాళ్ళవి ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసి పెడుతున్నాను. చివరి పేజీతో సహా.

దీన్ని సర్వర్ అంటారని మాయమ్మకి చెప్పాను. ఆమెకి తెలిసిన సర్వర్ పేటలో హోటల్లో ఇడ్లీ తెచ్చిచ్చేవాడు. "ఇది ఎవురికి చాకిరీ చేస్తదిరా?" అంది. మనకే అన్నాను. మనకే అంటే ఎవరికని ఆమె అడగలేదు. నేనూ ఆలోచించలేదు.

ఇక నా సంగతి. మా నాయన కట్టిన పూరిల్లు తీసేసి 2020లో స్లాబు వేశాను. పెద్ద టీవీ కొన్నాను. మా బజార్లో ఇంటర్నెట్ పెట్టించుకున్న మొదటి ఇల్లు మాదే. అప్పట్నించీ సాయంత్రమైతే పల్లె కుర్రాళ్ళు మా ప్రహరీ గోడ కింద చేరేవాళ్ళు. మొదట ఒకడికి పాస్‌వర్డు చెప్పాను. వాడు ఇంకొకడికి చెప్పాడు. గోడ కింద వరసగా కూర్చున్న తలలు, చేతుల్లో వెలిగే ఫోన్లు. చూసి సంతోషపడేవాణ్ణి. కొంచెం గొప్పగా కూడా ఉండేది. అది ఒప్పుకోవాలి.

2023 నవంబరు 19, ఆదివారం. అహ్మదాబాదులో ఇండియా, ఆస్ట్రేలియా ప్రపంచకప్ ఫైనల్. ఆ కప్పు మ్యాచులు ఫోన్లలో ఉచితంగానే చూపించారు. కానీ చూడ్డానికి డేటా కావాలి గదా. రోజుకి ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే అయిపోతుంది. గోడ కింద ఇరవై మందికి పైగా చేరారు. లోపల నేను, మా బడి నించి ఇద్దరు మాస్టర్లు. మాయమ్మ గడప దగ్గర కూర్చుని కందులు బాగుచేస్తోంది. టీవీ కూడా నెట్ మీదే. రెండు ఓవర్లు చూశామో లేదో బొమ్మ ఆగిపోయి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఆగింది. బయట అరుపులు ముందు వినబడుతున్నాయి, మాకు బంతి తర్వాత కనబడుతోంది. "ఏంది మాస్టారూ ఇది" అన్నాడు మా బడి ఆయన. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోను తీసి పాస్‌వర్డు మార్చాను. రెండు నిమిషాల పని. బొమ్మ అద్దంలాగా వచ్చింది.

బయట అరుపులు ఆగిపోయాయి. కాసేపటికి గోడ అవతల్నించి ఒకడు "సార్, నెట్ పోయింది సార్" అన్నాడు. నేను కూర్చున్నచోటు నించే "స్లో అవతందిరా, అందుకే" అన్నాను.

మాయమ్మ చేట దించింది. నా వంక చూసి మెల్లిగా అంది.

"ఘాటొస్తందా?"

ఇరవై రెండేళ్ళ తర్వాత. ఆ రోజు తలెత్తకుండా కాయ ఏరుకుంటున్న ఆడోళ్ళలో మాయమ్మ ఉంది. చూసింది. ఇంటికొచ్చాక నాతో ఆ మాట ఎత్తలేదు. మా నాయనతో అన్నదో లేదో తెలియదు. ఆ కిటికీ నా ఒక్కడికే మూసుకుందని అన్నేళ్ళూ అనుకున్నాను. ఆమెకి కూడా మూసుకుంది. కొడుకు మొహమ్మీద మూస్తుంటే తలెత్తలేక కూర్చుంది.

నాకు నోట మాట రాలేదు. నేను చెప్పిన కారణం కూడా అబద్ధం కాదు. నెట్ నిజంగానే స్లో అయింది. నిజం చెప్పి తలుపులు ఎట్టా మూస్తారో నాకు తెలుసు. ఆ విద్య ఊళ్ళో నేర్చుకున్నది కిటికీ బయట నిలబడి. చేతికి ఒక తాళం రాగానే వాడాను.

లేచి టీవీ వైర్లు పీకాను. మాస్టరు ఒకాయన సాయం పట్టాడు. ఇంకొకాయన పనుందని వెళ్ళిపోయాడు. టీవీ తెచ్చి పంచలో బల్ల మీద పెట్టి గేటు తీశాను. మగపిల్లలు గబగబా వచ్చి సిమెంటు గచ్చు మీద కూర్చున్నారు. తర్వాత మెల్లిగా ఆడపిల్లలు వచ్చారు. ఇన్నేళ్ళలో ఆడపిల్లలు మా గోడ కిందకి కూడా రాలేదని అప్పుడు తట్టింది. గోడ కింద కూర్చునే హక్కు కూడా మగపిల్లలదే అని నేను గమనించనే లేదు. ఇండియా 240కి ఆలవుటైంది. ట్రావిస్ హెడ్ 137 కొట్టాడు. ఆరు వికెట్లతో ఓడిపోయాం. కుర్రాళ్ళు కొందరు ఏడ్చారు. మాయమ్మ అందరికీ మంచినీళ్ళిచ్చింది. ఒకటే చెంబు.

మర్నాడు అలమరలోని లాప్‌టాప్ వంక చూస్తా కూర్చున్నాను. ఎవరికి చాకిరీ చేస్తదని అడిగిన మాట గుర్తొచ్చింది. రెండేళ్ళ నించి అది నాకు తప్ప ఎవరికీ చెయ్యలేదు. నా నెట్ పాస్‌వర్డు ఉంటేనే దాన్లో పుస్తకం కనబడేది. అంబేడ్కర్ని కూడా నా తాళం వెనకే పెట్టాను. నిజానికి దానికి నెట్ అక్కర్లేదు. పుస్తకం ఇంట్లోనే ఉంది. పిల్లవాడి ఫోను గోడ అవతల ఉంది. మధ్యలో ఇరవై గజాలు. ఆ ఇరవై గజాలకి హైదరాబాదు దాకా, అమెరికా దాకా పోయి రావాల్సిన పనేముంది? మూలన పడేసిన పాత రౌటరు దులిపి దానికి తగిలించాను. పేరు 'పల్లె' అని పెట్టాను. పాస్‌వర్డు పెట్టలేదు. ఆ దారి బయటి ఇంటర్నెట్‌కి పోదు, మా అలమర దాకా వచ్చి ఆగుతుంది. ఇరవై మంది చదివినా మా టీవీలో బొమ్మ ఆగదు, నెల బిల్లు పెరగదు. పదో తరగతి పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు కూడా పెట్టాను. నిజం చెప్పాలంటే అంబేడ్కర్ కంటే ప్రశ్నపత్రాలే ఎక్కువ తెరుస్తున్నారు. తెరవనీ. ఆయన దగ్గరికి నేనూ పరీక్షల దారినే పోయాను.

నెట్‌కి పాస్‌వర్డు ఇంకా ఉంది. అది దాచను. బిల్లు నాది, పిల్లలు అర్ధరాత్రి దాకా ఏం చూస్తారోనన్న టీచరు భయం కూడా ఉంది. ఇవి కూడా నిజమైన కారణాలే. నిజమైన కారణాలు కాబట్టే వాటిని అనుమానంగా చూస్తున్నాను. మ్యాచి ఉన్న రోజు మాత్రం టీవీ పంచలోకి వస్తుంది.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఒక మాట. మన ముసలాళ్ళ నోట్లో చరిత్ర ఉంది. వాళ్ళు పోకముందే రికార్డు చెయ్యండి. చేసినదాన్ని ఒక్కచోటే ఉంచకండి. ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే డిస్కులో, ఒకటి వేరే ఊళ్ళో నమ్మకమైన మనిషి ఇంట్లో. పెట్టె ఎవరిదో, తాళం ఎవరి దగ్గరుందో చూసుకోండి. పెట్టె మీదే అయిన రోజు, తాళం ఎవరి మొహమ్మీద పడుతుందో ఇంకా జాగ్రత్తగా చూసుకోండి.

మొన్న సంక్రాంతికి మాయమ్మని కూర్చోబెట్టి, నాయన చెప్పిన కారంచేడు సంగతి నీకు గుర్తున్నంత చెప్పమ్మా అన్నాను. పోయిన గొంతు తిరిగి రాదు, కనీసం మాటలన్నా మిగులుతాయని. ఆమె చెబుతా చెబుతా ఆగి, "మీ నాయన మోసుకుపోయాడు. నిజమే. ఇంటింటికీ తిరిగి ఆ బియ్యం అడిగి తెచ్చింది ఎవురనుకున్నా? నేనూ, మీ పెద్దమ్మా. కొత్త కోడల్ని, సిగ్గయ్యేది. ఐనా తిరిగా" అంది. మా నాయన నలభై నిమిషాల్లో ఈ మాట లేదు. బియ్యం పోగుచేశారని అన్నాడు. ఎవరు చేశారో చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రికార్డింగు పెట్టెలో వేసి ఆమెకి వినిపించాను. తన గొంతు తనే విని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి అడిగింది.

"ఎవురన్నా ఇనాలంటే నిన్నడగాల్సిందేనా?"

"అక్కర్లేదమ్మా."

"ఐతే ఉంచు" అంది.